ట్రాక్టరు చేతులూ, కారు రివర్సూ

కారు ముందుకు నడపడం నేర్పినందుకు నన్ను ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. రివర్స్ నేర్పినందుకు మాత్రం ఇప్పటికీ బజారులో ఆపి పలకరిస్తారు. ధర్మవరంలో మొదలుపెట్టి, కొన్నేళ్ళు పెనుకొండలో ఉండి, హిందూపురంలో రిటైరయ్యేదాకా నేను డ్రైవింగ్ స్కూళ్ళలో నేర్పించే పనే చేశాను. పేరు ఖాదర్ బాషా. సగం మందికి 'బాషా సార్', మిగతా సగానికి 'అరిచే సార్'. రెండో పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే, కాదనను.

మా వీధిలో ఉండే అమ్మాయి ఒకామె ఈ మధ్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పించే పనికి చేరింది. మొదటి వారంలోనే మా ఇంటికొచ్చి కూర్చుంది.

"సార్, స్టీరింగ్ తిప్పేది చెప్తాండా, వాళ్ళు తిప్పుతాండారు. రివర్స్ కాడికి వచ్చేసరికి ఒకరూ నా మాట వినరు. మీరేం చేస్తాంటిరి?"

ఏదో చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపింది కానీ, ముఖం చూస్తే ఎక్కినట్టు లేదు. నోటితో చెప్పేటప్పుడు నేను కథలోకి పోతాను, కథలోంచి కోపంలోకి పోతాను. అందుకని రాస్తున్నాను. జీతం సంగతులు, మానేసిన స్కూళ్ళ పంచాయితీలు ఇందులో లేవు. ఎడమ సీట్లో కూర్చుని చూసినవే ఉన్నాయి. మన సీటు ఎప్పుడూ ఎడమదే కదా. స్టీరింగ్ వాళ్ళ చేతుల్లో ఉంటుంది, గుండె దడ మనకు ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. లైసెన్సు పరీక్షలో చాలా ఉంటాయి. బండి కదిలించడం, మలుపులు, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించడం, అన్నీ చూస్తారు. కానీ జనం ఫెయిలయ్యేది ఎక్కువగా ఒక్కచోటే. మట్టిలో కడ్డీలు పాతి ఒక గడి కడతారు. కారును వెనక్కి తెచ్చి ఆ గడిలో సరిగ్గా నిలపాలి. కడ్డీ తగిలిందా, ఇంటికి పోయి వారం ఆగి మళ్ళీ రావాలి. పరీక్ష పెట్టే ఆఫీసరును మా వైపు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పిలుస్తారు. ఆయన ఏమీ అనడు. కడ్డీ వైపు చూస్తాడు, అంతే.

అద్దం మీద బొట్టు

నా మొదటి ఓనరు వెంకటప్ప. లారీలు నడిపి నడిపి నడుము పోయాక ధర్మవరంలో స్కూలు పెట్టాడు. మంచివాడే, నోరే కాస్త దురుసు. రివర్స్‌కు ఆయన ఒక కిటుకు కనిపెట్టాడు. ఆడవాళ్ళు పెట్టుకునే స్టిక్కరు బొట్టు ఒకటి తెచ్చి, మా బండి వెనక ఎడమ అద్దం మూలకు అతికించాడు.

"కడ్డీ వచ్చి బొట్టును ముట్టుకుంటానే స్టీరింగ్ ఎడమకు ఫుల్లు తిప్పాల. రెండో కడ్డీ సైడు అద్దంలో కనపడితే సీదా చెయ్యాల. ఆపాల. ఇంగ దీంట్లో నేర్చుకునేది ఏముండాది?"

నిజంగానే పనిచేసింది. పదిమందిని పంపితే ఒకరో ఇద్దరో తప్ప అందరూ పాసయ్యేవారు. చుట్టుపక్కల స్కూళ్ళ వాళ్ళు మా బండి చుట్టూ తిరిగి చూసి, వాళ్ళ బండ్లకూ బొట్లు పెట్టారు. ధర్మవరంలో కార్లన్నీ ముత్తైదువలయ్యాయని నేను ఎగతాళి చేసేవాణ్ణి. వెంకటప్పకు కోపం వచ్చేది కాదు. పాసైన వాళ్ళ ఫోటోలు గోడకు తగిలించుకుంటూ ఉండేవాడు.

అప్పుడు ఒక పట్టుచీరల వ్యాపారి మా దగ్గర నేర్చుకుని, మొదటి దెబ్బకే పాసయ్యాడు. నెల తిరక్కుండా పొద్దున్నే స్కూలుకొచ్చి నిలబడ్డాడు.

"బాషా సార్, కొత్త కారు తెచ్చినా. బొట్టు యాడ పెట్టాలో ఒకసారి వచ్చి చూపించు."

"కారు బాగుండాదా?"

"కారు బాగనే ఉండాది. గేటే బాగల్యా."

వెంకటప్ప పడీపడీ నవ్వాడు. "పోబ్బా, పోయి ఆయప్ప కారుకు ఒక బొట్టు పెట్టి రాపో" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వ్యాపారి ఇంటికి పోయి చూస్తే గేటు రెక్క ఒకటి వంగిపోయి ఉంది. ఆయన భార్య వరండాలో నిలబడి నన్నే చూస్తోంది. మీ స్కూలు నేర్పింది ఇదేనా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే కొంచెం సుఖంగా ఉండేది.

ఆ ఆదివారమంతా వాళ్ళ వీధిలోనే గడిపాను. బొట్టు పెట్టలేదు. కారు తోక ఎటు పోతోందో చూడమన్నాను. తల తిప్పి వెనక్కి చూడటం ఆయనకు ఎవరూ నేర్పలేదు. బొట్టును చూడటమే నేర్పారు. మెడ నొప్పి అన్నాడు, ఎండ అన్నాడు, టిఫిన్ అన్నాడు. నేనూ అరిచాను. సాయంత్రానికి కారు తనంతట తానే లోపల పెట్టుకున్నాడు. ఆయన భార్య అప్పుడు నాకు కాఫీ ఇచ్చింది.

వెంకటప్పతో ఈ సంగతి వాదించాను. ఆయన ఒకటే మాట అడిగాడు.

"ఆయప్ప పరీక్ష పాసైనాడా లేదా?"

"పాసైనాడు."

"మరింగేం?"

ఈ 'మరింగేం' అనే ఓనర్లు మీకూ దొరుకుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు స్కూలు వాకిలి దాకానే కనబడుతుంది. మనకు నేర్చుకున్నవాడి ఇంటి గేటు దాకా కనబడాలి.

ధర్మవరంలోనే ఇంకోటి తెలుసుకున్నాను. అక్కడ మగ్గం నేసేవాళ్ళు చాలామంది నేర్చుకోవడానికి వచ్చేవారు. మగ్గం గుంటలో కూర్చుని పొద్దంతా కాలి కింద పలకలు తొక్కే మనుషులు. ఒక కాలు దిగుతుంటే ఇంకో కాలు లేస్తుంది. వాళ్ళకు క్లచ్ నేర్పాల్సిన పనే ఉండేది కాదు. మిగతావాళ్ళ చేతిలో బండి కప్పలా ఎగిరితే, వాళ్ళ చేతిలో నీళ్ళ మీద పోయినట్టు కదిలేది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి ఖాళీగా రాడని నాకు అప్పుడు అర్థమైంది. చేసిన పని ఏదైనా చేతుల్లోనో కాళ్ళల్లోనో వెంట వస్తుంది. దాన్ని కనిపెట్టడమే సగం పాఠం.

తగలనీ

పెనుకొండలో నా ఓనరు హనుమంతు. మిలిటరీలో బండ్లు నడిపి వచ్చినవాడు. మీసాలకు తగ్గ గొంతు. మా స్కూలు మైదానం కొండ వైపు రోడ్డు దిగువన ఉండేది. సమంగా ఉన్న నేల జానెడు కూడా లేదు. రివర్స్ అంటే ఎత్తుకు ఎక్కడమో పల్లానికి జారడమో, రెండే దారులు.

నేర్పించే బండికి మన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. బండి కడ్డీకి దగ్గరవుతుంటే మన కాలు దానంతట అదే పోయి తొక్కేస్తుంది. హనుమంతుకు అది నచ్చేది కాదు. కడ్డీల బదులు పాత రేకు డబ్బాలు పెట్టించాడు. వెనక నిలబడి చేతులు కట్టుకుని చూసేవాడు.

"భాయ్, నీ కాలు తియ్యి. తగలనీ."

"బండికి సొట్ట పడతాది సార్."

"బండి నాది. సొట్ట నాది. తగలనీ."

ఒక పంతులమ్మ ఉండేది, ప్రైమరీ స్కూల్లో. రివర్స్ గేరు వేయగానే కళ్ళు మూసుకునేది. డబ్బాకు తగులుతుందేమోనన్న భయం కాదు, ఆ చప్పుడు అంటే భయం. నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ భయం అలాగే మిగిలిపోయేది. ఒకరోజు హనుమంతు చెప్పినట్టు కాలు తీసి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. డబ్బా దబ్బున పడింది, దొర్లుకుంటూ పల్లం చివరి దాకా పోయింది. పంతులమ్మ కళ్ళు తెరిచి చూసింది. డబ్బా పోయిన వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ కళ్ళు మూయలేదు.

మిలిటరీ ఆయనకు నేను చాలా విషయాల్లో ఎదురు చెప్పాను. ఈ ఒక్క విషయంలో ఆయనకు సలాం చేస్తాను. నేర్పేవాడు మాటిమాటికీ కాపాడుతూ ఉంటే నేర్చుకునేవాడికి తన తప్పు ఎంతదో తెలిసే అవకాశమే రాదు. డబ్బాను తగలనివ్వండి. మనిషిని మాత్రం తగలనివ్వకండి. రోడ్డు మీద మీ కాలు బ్రేకు మీదే ఉండాలి.

ఓబులమ్మ చేతులు

ఇక అసలు సంగతి. హిందూపురంలో నేను పనిచేసిన చివరి స్కూలు ఓనరు రామాంజి. నాకంటే చాలా చిన్నవాడు. చురుకైనవాడు, ఫోను చెవి నుంచి దించడు. వెంకటప్పను ఎన్నడూ చూడకపోయినా, అతని బండి అద్దానికీ బొట్టు ఉంది. అద్దం మీద బొట్టు మా జిల్లా అంతా అప్పటికే పాకిపోయింది.

ఓబులమ్మ పెనుకొండ పక్క పల్లె నుంచి బస్సులో వచ్చేది. నలభై దాటిన మనిషి. అక్క మొగుడికి, అంటే బావకు, ట్రాక్టరు ఉంది. పొలంలో దున్నడం, కల్లంలో లోడు దించడం అన్నీ ఆమే చేసేది. రోడ్డు మీద బావ నడిపేవాడు. ట్రాలీని వెనక్కి పెట్టాల్సి వస్తే మాత్రం వాళ్ళ ఊళ్ళో ఓబులమ్మనే పిలుస్తారట. బావ ట్రాక్టరు అమ్మేయాలని తీర్మానించుకున్నాడు. అదే సమయానికి హిందూపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఆడకూలీలను తెచ్చే వ్యానుకు డ్రైవరు కావాలన్నారు. తెల్లారకముందే బయలుదేరే బండి కాబట్టి, ఆడ డ్రైవరు అయితే మేలని ఆ ఆడవాళ్ళే పట్టుబట్టారు. వ్యాను ఒకటో తారీఖున మొదలవుతుంది. ఆ లోపల లైసెన్సు తెస్తే పని ఓబులమ్మది. తేకపోతే ఇంకొకరిది.

"ట్రాక్టరు పోతే ఏం చేస్తావు?" అని మొదటి రోజే అడిగాను.

"మల్ల పార పట్టుకోవాల సార్. పట్టుకోల్యాక కాదు. స్టీరింగ్ పట్టుకున్నంక పార పట్టబుద్ధి కాదు."

ఆ మాట నాకు చాలా నచ్చింది. ఈ మనిషిని ఎలాగైనా పాస్ చేయించాలని అప్పుడే అనుకున్నాను.

ముందుకు నడపడంలో ఆమెకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. గేర్లు, క్లచ్చు, రోడ్డు మీద చూపు, అన్నీ ఉన్నాయి. ఇది మూడు రోజుల పని అని రామాంజితో గొప్పగా చెప్పాను. తర్వాత గడి ముందు బండి ఆపి రివర్స్ వేయమన్నాను. గడి ఎడమవైపు ఉంది. ఓబులమ్మ స్టీరింగును కుడికి తిప్పింది. కారు తోక కుడికి పోయింది.

"ఎడమకు తల్లీ."

"ఎడమకే సార్ పోవాల్సింది. నాకు తెలుసు."

మళ్ళీ కుడికే తిప్పింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కుడికే. ఆమెకు కుడి ఎడమ తెలియక కాదు. ఆమె చేతులు ఆమె మాట వినడం లేదు.

నాకు సంగతి తెలుసు. ట్రాలీ కట్టిన ట్రాక్టరును వెనక్కి పెట్టాలంటే అంతా తిరగేసి ఉంటుంది. ట్రాలీ తోక ఎడమకు పోవాలంటే స్టీరింగ్ ముందు కుడికి తిప్పాలి. ఇంజనుకూ ట్రాలీకీ మధ్య కీలు ఉంటుంది కదా, అది మడత పడి ట్రాలీని ఎదురు పక్కకు నెడుతుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేతులు అవి. ట్రాక్టరు నుంచి కారుకు వచ్చిన మగవాళ్ళను కూడా ఎందరినో చూశాను, అందరిదీ ఇదే గోల. వాళ్ళు అరిచి, స్టీరింగును తిట్టి, ఎలాగో ఒకలా అలవాటు చేసుకునేవారు. ఓబులమ్మ మాత్రం ట్రాలీ పనిలో మరీ ఆరితేరింది. ఎంత గట్టిగా నేర్చుకుందో, వదిలించుకోవడం అంత కష్టమైంది.

నేను అరిచాను. ఆమె మళ్ళీ కుడికే తిప్పింది. ఇంకా అరిచాను. ఆమె బండి ఆపి, ఇంజను ఆపేసి నా వైపు తిరిగింది.

"సార్, మీరు అరిస్తే నా చేతులు మా బావ అరుస్తాండాడు అనుకుంటాండాయి. ఇంగా గట్టిగా ట్రాలీ పని చేస్తాండాయి."

దాంతో ఆమె మీద అరవడం మానేశాను. రామాంజి మాత్రం తనకు తెలిసిన వైద్యమే చెప్పాడు. "భాయ్, బొట్టు చూపించి పంపించెయ్. ఎట్లో ఒకట్ల బయటపడతాది." ఓబులమ్మ ఆ మాట విని ఒప్పుకోలేదు.

"నా బండి నిండా ఆడోళ్ళు కూచోనుంటారన్నా. ఎట్లో ఒకట్ల అంటే కుదర్దు."

పరీక్ష రోజు ముందుకు నడపడం అంతా చక్కగా చేసింది. గడి దగ్గర చేతులు కుడికి తిరిగాయి. కుడి కడ్డీ వంగి నేల మీద పడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కడ్డీ వైపు చూశాడు. "వారం తర్వాత రామ్మా" అన్నాడు. ఓబులమ్మ దిగి, కడ్డీని తానే లేపి, మట్టి గట్టిగా తొక్కి, నిటారుగా పాతి వచ్చింది. బస్టాండులో వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. వారం తర్వాత మిగిలింది ఒక్క పరీక్షే. ఆ మర్నాడే ఒకటో తారీఖు.

చింతపండు యార్డులో

మధ్యలో ఒకరోజు ఇంటికి చింతపండు కొనడానికి మార్కెట్ యార్డుకు పోయాను. చింతపండు సీజను. బస్తాలు, బండ్లు, జనం. ఒక షెడ్డు ముందు చూస్తే ఓబులమ్మ. బావ లోడు తెచ్చాడు. ట్రాలీని షెడ్డు దగ్గర వదిలేసి, మట్టిలో దిగబడిన ఇంకెవరిదో బండిని లాగడానికి ఇంజను ఒక్కటే, అంటే ట్రాలీ లేని ట్రాక్టరును, ఇచ్చారు. పని అయిపోయింది. బావ ధర కాడ మండీ వ్యాపారితో గొడవ పడుతూ, వెనక్కి తిరక్కుండానే కేక పెట్టాడు.

"ఏమ్మా, ట్రాలీ తగిలించు."

ఓబులమ్మ ట్రాక్టరెక్కింది. రివర్స్ వేసింది. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి మడ్గార్డు మీద. మెడ వెనక్కి తిప్పి ట్రాలీ మూతి వైపు చూసింది. చుట్టూ బస్తాలు, మనుషులు, ఒక తోపుడు బండి. ట్రాలీ మూతిలో ఒక బొక్క ఉంటుంది, ఇంజను వెనక బొక్క వచ్చి దాని మీద సరిగ్గా నిలవాలి, అప్పుడే పిన్ను దిగుతుంది. బొటనవేలంత తేడా వచ్చినా దిగదు. ఓబులమ్మ ఇంజను మెల్లగా వెనక్కి వచ్చింది, ఎడమకు వంగింది, ఆగింది. ఆమె దిగి పిన్ను వేసింది. పిన్ను ఒక్కసారికే దిగింది.

నేను చింతపండు సంగతి మరిచిపోయాను. పరుగెత్తుకుంటూ పోయాను.

"ఓబులమ్మా, ఇప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినావు?"

ఆమె నన్ను అక్కడ చూసి కంగారు పడింది. "ఎటు తిప్పినా సార్? తెల్దు. బొక్క చూసినా, అంతే."

"ఎడమకు తిప్పినావు. ట్రాలీ ఎడమ పక్క ఉండాది, నువ్వు ఎడమకు తిప్పినావు."

"ఖాళీ ఇంజనుకు అంతే గదా సార్. ట్రాలీ ఉంటే గదా ఉల్టా."

"కారుకు ట్రాలీ ఉండాదా?"

ఆమె నా ముఖం చూసింది. ఇంజను వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఆనందం పట్టలేక ఆ యార్డులోనే గట్టిగా అరిచాను. అరిచే సార్ అని ఊరికే అన్నారా. వాళ్ళ బావ ధర గొడవ ఆపి నా వైపు చూశాడు.

మర్నాడు మా మైదానంలో గడి వెనక గోడకు ఆనించి ఒక ఇటుక పెట్టాను.

"అదే ట్రాలీ మూతి. ట్రాలీ ఇప్పేసి ఉండాది. నువ్వు ఖాళీ ఇంజనుతో పిన్ను వేసేకి పోతాండావు. కుడి ఎడమ మర్చిపో."

ఓబులమ్మ మెడ తిప్పి ఇటుకను చూసింది. బండి వెనక్కి జరిగింది. మధ్యలో ఒక్కసారి చేతులు కుడి వైపు లాగాయి. "ట్రాలీ ల్యా, ట్రాలీ ల్యా" అని తనకు తానే చెప్పుకుంది. చేతులు ఎడమకు వచ్చాయి. కారు గడిలోకి పోయి, రెండు వైపులా సమానంగా ఖాళీ వదిలి నిలబడింది. నా కాలు బ్రేకు దగ్గరికి కూడా పోలేదు. ఇన్నేళ్ళలో నాకు అంత సంతోషం కలిగిన రోజులు చాలా తక్కువ.

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇక్కడే ఉంది. చేతికి అలవాటైన పనిని తిట్టి పోగొట్టలేరు. దాని పక్కనే ఇంకో అలవాటు ఉంటుంది, మనకు పనికొచ్చేది. దాన్ని వెతకండి. వంటచేసే మనిషి, కుట్టుమిషను తొక్కే మనిషి, తాపీ పట్టుకున్న మనిషి, ఎవరొచ్చినా ముందు వాళ్ళు ఏ పని చేస్తారో అడగండి. వీలైతే పోయి చూడండి. నేను చింతపండు కోసం పోకపోయి ఉంటే ఓబులమ్మ పార పట్టుకునేది. నాకు ఆ తర్వాత తెలివి వచ్చి, నేర్చుకునేవాళ్ళను పని చేసే చోట చూడటం అలవాటు చేసుకున్నాను. కెమెరాలూ పీపీమనే యంత్రాలూ ఉన్న కార్లు ఇప్పుడు వస్తున్నాయి. రానివ్వండి. అవి గోడ ఎంత దూరమో చెబుతాయి. మీ చేతులు ఏం చేస్తున్నాయో అవి చెప్పవు.

గడి కుడివైపుకు మారింది

రెండో పరీక్ష ముందురోజు వాన పడింది. పొద్దున మేం పోయేసరికి గడి కట్టే ఎడమవైపు జాగా అంతా నీళ్ళు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గొడుగు మడిచి, కడ్డీలన్నీ పీకించి కుడివైపు పాతించాడు.

"ఈరోజు అందరూ కుడికి పెట్టాల."

అక్కడ ఉన్న స్కూళ్ళ వాళ్ళందరి ముఖాలూ ఒక్కసారిగా పాలిపోయాయి. బొట్లన్నీ ఎడమ అద్దాల మీద ఉన్నాయి. అందరూ ఎడమకే బట్టీ పట్టారు. మా రామాంజి ఫోను జేబులో పెట్టి, ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపుకు పరుగెత్తాడు. బొట్ల అట్ట ఒకటి కొనుక్కొచ్చి, కుడి అద్దం మీద ఎక్కడ అతికించాలో తెలియక, ఒకచోట అతికించి పీకి, ఇంకోచోట అతికించాడు. పరీక్షకు వచ్చినవాళ్ళు బండెక్కుతున్నారు, ఎడమకు తిప్పాలో కుడికి తిప్పాలో తేల్చుకోలేక కడ్డీలు పడగొడుతున్నారు. ముందుకు దూకించినవాడు ఒకడు. స్టీరింగ్ వదిలేసి దండం పెట్టినవాడు ఒకడు.

ఓబులమ్మ పేరు పిలిచారు. ఆమె నా పక్కన నిలబడి కడ్డీల వైపే చూస్తోంది. నేను ఏమీ చెప్పకూడదని పళ్ళు బిగించుకున్నాను. ఆమే అడిగింది.

"ట్రాలీ ఆ పక్కకు మారింది, అంతే గదా సార్?"

"అంతే."

ఆమె పోయి బండెక్కింది. బొట్టు వైపు చూడలేదు. అద్దం దించి, మెడ వెనక్కి తిప్పింది. హాఫ్ క్లచ్‌లో బండి వెనక్కి కదిలింది. తోక కుడికి వంగింది. సరైన చోట స్టీరింగ్ సీదా అయింది. కారు రెండు కడ్డీల వరసల మధ్యకు మెల్లగా దిగి, ఆగింది. ఒక్క కడ్డీ కూడా ఊగలేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగాడు. ఒక వైపు వంగి చూశాడు, రెండో వైపు వంగి చూశాడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇంతకు ముందు ఏం నడిపినావమ్మా?"

"ట్రాక్టరు సార్."

"ట్రాక్టరు నడిపినోళ్ళు ఉల్టా తిప్పుతారే. నువ్వు తిప్పల్యాదే?"

"ట్రాలీ ఇప్పేసినా సార్."

ఆయనకు అర్థం కాలేదు. బండి వెనక ఒకసారి చూసుకుని, పాస్ అని రాశాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవాలనిపించింది, అరవలేకపోయాను. రామాంజి వచ్చి ఓబులమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ సాయంత్రమే మా స్కూలు బండి అద్దాల మీద బొట్లన్నీ తానే గీకి తీసేశాడు. ఆ విషయంలో నేను అతనికి ఒక్క మాట కూడా చెప్పాల్సి రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద ఆ బట్టల ఫ్యాక్టరీ వైపు పోయాను. షిఫ్టు మారే సమయం. గేటు ముందు వ్యాన్లు, ఆటోలు, టీ బండి, ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు. ఓబులమ్మ వ్యాను వచ్చింది. నిలపడానికి రెండు వ్యాన్ల మధ్య సందు తప్ప చోటు లేదు. నేను టీ బండి దగ్గర నిలబడి చూస్తున్నాను. నా కుడికాలు ఉన్నచోటే నేలను తొక్కుతోంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

ఓబులమ్మ మెడ వెనక్కి తిప్పింది. వ్యాను సందులోకి పోయింది. లోపల ఆడవాళ్ళు ఒకరి తలలో ఒకరు పూలు సర్దుకుంటున్నారు, ఒకామె నవ్వుతూ ఏదో కథ చెబుతోంది, మిగతావాళ్ళు వింటున్నారు. బండి వెనక్కి పోతున్నప్పుడు ఒక్కరూ తల ఎత్తలేదు. కథ ఆగలేదు. బండి ఆగి, తలుపు తెరుచుకున్నాక గానీ, చేరుకున్నామని వాళ్ళకు తెలియలేదు.